ఆదివారం నాడు వాళ్లిష్టం

పాత జీన్స్ కత్తిరించి, దానికి అమ్మమ్మ చీర అంచు కుట్టుకుని పిల్ల హాల్లోకి రాగానే ‘ఏంటే ఈ వేషం, నలుగురూ ఏమనుకుంటారు?’ అని నోరు జారేస్తాం. అలా కసిరే ముందు టోక్యోలోని హరాజుకు అనే ప్రాంతం సంగతి ఒకసారి వినండి.

అక్కడ 1977 నుంచి 1998 దాకా ఆదివారాలు పెద్ద రోడ్డు మీద వాహనాలు ఆపేసి, దాన్ని నడిచేవాళ్లకు వదిలేవారు. వారమంతా స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లలు ఆ పూట తమకు తోచినట్టు తయారై వచ్చేవారు. పాత బట్టల కొట్లో కొన్నవీ, ఇంట్లో సొంతంగా కుట్టుకున్నవీ, కిమోనో మీదికి బూట్లూ, ఏది దేనితో నప్పుతుందో వాళ్లే తేల్చుకునేవారు. డెకోరా తరహా పిల్లలైతే జుట్టు నిండా రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు, మెడలో వరసల కొద్దీ పూసలు. షోయిచి అవోకి అనే ఫొటోగ్రాఫర్ 1997లో ఈ పిల్లల కోసమే ‘ఫ్రూట్స్’ పత్రిక పెట్టారు. దారిలో నిలబెట్టి నిలువెత్తు ఫొటో తీసి, వయసు, ఏది ఎక్కడిది, ఇవాళ్టి ముస్తాబులో విశేషమేమిటి అన్నవి పక్కనే అచ్చువేసేవారు.

మీరూ అదే అడగండి. ‘ఇది ఎలా కుట్టావురా? ఈ రంగు ఎందుకు ఎంచుకున్నావు?’ అంటే చాలు, పిల్లలు బోలెడు చెబుతారు. చిరిగిన చీరలు, వాడని చున్నీలు, నాన్న పాత చొక్కాలు ఒక సంచిలో వేసి వాళ్లకిచ్చేయండి. హెమ్మింగు, గుండీ కుట్టడం మీరే నేర్పండి, అబ్బాయిలకు కూడా. మీకు రాకపోతే వీధిలో మిషను కుట్టే అక్క దగ్గర కూర్చోబెట్టండి. ఒకటి రెండు గుడ్డలు పాడవుతాయి, పోనివ్వండి. బ్రాండు బట్టలు కావాలని మారాం చేసినప్పుడు, ఉన్నవాటితో ఏం చేయొచ్చో కలిసి చూడండి.

హద్దులు వద్దనడం లేదు. బడికి, పెళ్లికి, గుడికి ఎలా రావాలో ముందే చెప్పండి. ఫొటోలు ఎక్కడ పెడుతున్నారో కూడా కనుక్కుంటూ ఉండండి. ఆదివారం మాత్రం వాళ్లకు వదిలేయండి. లావు, నలుపు అంటూ ఒంటి గురించి మాత్రం ఎప్పుడూ ఎత్తిపొడవకండి.

సొంత బుర్రతో ఆలోచించి, సొంత చేత్తో చేసుకున్నది ఏదైనా ముందు దాన్ని మెచ్చుకోండి. నచ్చనిదేమైనా ఉంటే ఆ తర్వాత చెప్పండి. అప్పుడైతే వింటారు.