ఎండతో చల్లదనం: కూరగాయల రైతుకు లెక్క కుదిరేనా?

మార్చి దాటిందంటే రామగుండం, ఆదిలాబాద్ పేర్లు ఎండల వార్తల్లో ముందు వరుసలో ఉంటాయి. పొద్దున అంగడికి తెచ్చిన టమాట, బెండ, వంకాయ పగటికల్లా వాడిపోతాయి. సాయంత్రం వాపసు తీసుకుపోలేక, అడిగిన కాడికి ఇచ్చేసి రైతు ఇంటిదారి పడతాడు. "ఎండ పుణ్యానికి వస్తది గదా, ఆ ఎండతోటే సరుకు చల్లగ పెట్టుకునే ఉపాయం లేదా?" అని చాలామంది అడుగుతుంటారు. ఉపాయం ఉంది. అది ఎవరికి గిట్టుతుంది, ఎవరికి గిట్టదు అన్నది మాత్రం పైసలు పెట్టకముందే తేల్చుకోవాలి. రాయితీ మాట చెవిన పడగానే కాగితం మీద సంతకం పెట్టడం మంచిది కాదు.

కోసిన కాయకూ ఊపిరుంది

చెట్టు నుంచి కోసినంత మాత్రాన కాయ చచ్చిపోదు. గాలి పీలుస్తూనే ఉంటుంది, తనలోని చక్కెరను ఖర్చు చేస్తూ వేడిని, తేమను బయటికి వదులుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఈ పని రెండు, మూడు రెట్లు జోరందుకుంటుంది. 13 డిగ్రీల దగ్గర రెండు వారాలు నిలిచే సరుకు 38 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులకే మెత్తబడడానికి కారణం ఇదే. కనుక కోసిన తర్వాత ఎంత తొందరగా చల్లబరిస్తే అంత లాభం. ఒక పూట ఎండలో పెట్టి తర్వాత చల్లబరిస్తే పోయిన ఆయుష్షు తిరిగి రాదు.

ఎండను చల్లదనంగా మార్చే దారులు రెండు. మొదటిది వేడితోనే నడిచే యంత్రం. వేడి నుంచి చల్లదనమా అని ఆశ్చర్యపోనక్కరలేదు. కరెంటు లేని ఊళ్ల దవాఖానాల్లో టీకా మందులు పెట్టడానికి కిరోసిన్ మంటతో నడిచే ఫ్రిజ్‌లు వాడేవారు. అదే సూత్రం మీద ఎండకు కాగిన నీళ్లతో, అంటే 80, 90 డిగ్రీల నీళ్లతో, పెద్ద ఏసీ యంత్రాలు నడపవచ్చు. గుర్గావ్ దగ్గరి గ్వాల్‌పహాడీలో ఉన్న జాతీయ సౌరశక్తి సంస్థలో ఇటువంటిది పెట్టి చూశారు. పెద్ద ఆసుపత్రులకు, కార్యాలయాలకు ఇది పనికొస్తుందేమో కానీ, చిన్న రైతు దీని జోలికి పోవలసిన పని లేదు. పైగా సోలార్ పలకల ధర పదిహేనేళ్లలో బాగా పడిపోయింది. పలకల కరెంటుతో మామూలు కంప్రెసర్‌ను నడపడమే ఇప్పుడు చవక. సోలార్ శీతల గది అంటే ఇదే.

రాత్రి పూట ఎట్లా అన్నది తర్వాతి ప్రశ్న. బ్యాటరీలు పెట్టవచ్చు, కానీ అవి ఖరీదు, కొన్నేళ్లకు మార్చాలి. మంచి గదుల్లో కరెంటును కాక చల్లదనాన్నే దాచిపెడతారు. పగలు ఐసులాంటి పదార్థాన్ని గడ్డకట్టిస్తే, రాత్రంతా అది కరుగుతూ గదిని చల్లగా ఉంచుతుంది. కొనేముందు ఇది ఉందా లేదా అడగాలి.

పలక మీద రాసిన శక్తి 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కగట్టింది. మే నెలలో మన దగ్గర పలక 65 డిగ్రీల దాకా కాగుతుంది. అప్పుడు నూటికి 12 నుంచి 16 పాళ్ల కరెంటు తగ్గుతుంది. పలక కింద గాలి ఆడేటట్టు జానెడు ఎత్తున బిగించాలి. సింగరేణి గనుల చుట్టుపక్కల ఊళ్లల్లో బొగ్గు దుమ్ము కూడా పడుతుంది కాబట్టి వారానికోసారి తెల్లారగట్ల నీళ్లతో తుడవాలి.

ఐదు టన్నులంటే ఎంత?

రైతు మోసపోయేది ఇక్కడే. ఐదు టన్నుల గది అంటే రోజూ ఐదు టన్నుల సరుకు చల్లబడుతుందనుకుంటారు. అది గదిలో పట్టే బరువు మాత్రమే.

లెక్క చూద్దాం. కిలో టమాటను ఒక డిగ్రీ చల్లబరచడమంటే దాదాపు కిలో నీళ్లను చల్లబరచినట్టే. పగటి పూట కోసిన టన్ను టమాట 38 డిగ్రీల వేడితో ఉంటుంది. దాన్ని 13కు దించాలంటే సుమారు 28 యూనిట్ల వేడిని బయటికి తోడాలి. యంత్రం ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర యూనిట్ల వేడిని తోడుతుందనుకుంటే 11 యూనిట్ల కరెంటు కావాలి. ఐదు కిలోవాట్ల పలకలు మంచి ఎండ రోజున ఇచ్చేది 20 యూనిట్లు. గోడల గుండా దూరే వేడి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే వేడి, ఫ్యాన్లు, లోపలి కాయలు వదిలే వేడి కలిసి మిగతా 9 యూనిట్లను మింగేస్తాయి. అంటే రోజుకు కొత్తగా పెట్టగలిగేది ఒక టన్నే. ఐదు టన్నులు ఒకేసారి కుక్కితే నడిమిట్ల ఉన్న గంపలు రెండో రోజుకూ చల్లబడవు, అక్కడే కుళ్లు మొదలవుతుంది.

అదే టన్ను సరుకును తెల్లారుజామున, 25 డిగ్రీలున్నప్పుడు కోస్తే? 12 డిగ్రీలు దించితే చాలు. ఐదు యూనిట్ల పైచిలుకు కరెంటుతో పని అయిపోతుంది. సగానికి పైగా ఆదా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. కోసిన గంపలను చెట్టు నీడన పెట్టినా ఎంతో మేలు.

పైసల లెక్క

ఉదాహరణకు గది, పలకలు కలిపి 12 లక్షలు అనుకుందాం. ఉద్యాన మిషన్ కింద శీతల గిడ్డంగులకు మామూలు ప్రాంతాల్లో 35 శాతం రాయితీ ఉంది. అది బ్యాంకు అప్పుతో ముడిపడింది, చివర్న సర్దుబాటయ్యేది. అందుకే మొదట మొత్తం బరువు మన నెత్తినే ఉంటుంది. రాయితీ 4,20,000 పోగా 7,80,000 మిగులుతుంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద మంజూరైన అప్పులకు వడ్డీలో 3 శాతం ఏడేళ్ల దాకా తగ్గుతుంది. కొత్త మంజూరులు ఇస్తున్నారా అన్నది బ్యాంకులో ముందే అడగాలి. తగ్గింపు పోను 6 శాతం వడ్డీ పడితే ఏడేళ్ల పాటు ఏటా కిస్తీ 1,40,000 అవుతుంది. చూసుకునే మనిషికి, మరమ్మతులకు మరో 40,000 వేసుకుంటే ఏడాదికి 1,80,000.

గదిలో పెట్టినందుకు కిలోకు మూడు రూపాయలు ఎక్కువ మిగిలితే, ఏడాదిలో 60 టన్నులు ఆ గది గుండా పోవాలి. 200 రోజులు, రోజుకు మూడు క్వింటాళ్లు. అర ఎకరం తోటతో ఇది అయ్యేది కాదు. పది, పన్నెండు మంది కలిసి, నాట్లు వారం పదిరోజుల తేడాతో వేసుకుంటే అవుతుంది.

ఆ మూడు రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి. నూరు కిలోల్లో పది కిలోలు పాడవకుండా మిగిలితే, 15 రూపాయల ధర దగ్గర కిలోకు రూపాయిన్నర వస్తుంది. మిగతా రూపాయిన్నర ఆగి అమ్మడం వల్లనే రావాలి. నాలుగు రోజుల మందగింపును గది దాటిస్తుంది. నెల రోజులు ధర పడిపోయి, తోటలో కొత్త కాయ వస్తూనే ఉంటే ఏ గదీ కాపాడదు.

కరెంటు ఆదా సంగతి వేరే చూడాలి. మోటారుకు 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి నుంచి ఉంది. అది బాయి మోటారుకే, శీతల గదికి విడిగా కనెక్షన్ తీసుకోవాలి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 200 రోజులకు పలకలు 32,000 మిగులుస్తాయి. మిగతా 165 రోజులు గది ఖాళీగా ఉంటే ఆ కరెంటు గాలికి పోయినట్టే. అందువల్ల నమ్మకమైన లైను ఉన్న ఊరిలో, మిగులు కరెంటును లైనులోకి పంపే మీటరు పెట్టించుకుని మామూలు కరెంటు గదికి పలకలు జోడించడమే మేలని నా అభిప్రాయం. లైనుకు దూరమైన ఏజెన్సీ గూడేలకే పూర్తి సోలార్ గది తగినది.

ఇంటి మీద పలకలకూ ఇదే మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. కానీ గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఆదా అయ్యేది ఏమీ లేదు.

ఏ సరుకు ఏ చలికి

టమాట, వంకాయ, మామిడికి 12, 13 డిగ్రీలు చాలు. పచ్చి టమాటను 10 కిందకు దించితే తర్వాత సరిగా పండదు, మచ్చలు పడుతుంది. ఆకుకూరలు, క్యారెట్ సున్నాకు దగ్గరగా కావాలంటాయి. అన్నీ ఒకే గదిలో పెట్టకూడదు. పండే మామిడి పక్కన ఆకుకూర పెడితే, పండు వదిలే వాయువుకు ఆకు పసుపెక్కుతుంది.

ఒంటరి రైతుకు ఇటుక, ఇసుక గది

కలిసేవాళ్లు లేని సన్నకారు రైతుకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో రూపొందించిన కరెంటు లేని చల్లని గది ఉంది. రంజన్‌లో నీళ్లు చల్లబడే తీరే దీనిది. నీడ ఉన్న చోట, గాలి ఆడే చోట 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పుతో ఇటుకలు పరవాలి. దాని మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తున రెండు గోడలు, మధ్య 7.5 సెంటీమీటర్ల సందుతో కట్టి, ఆ సందును వాగు ఇసుకతో నింపాలి. సిమెంటు అక్కర్లేదు. పొద్దున, సాయంత్రం ఇసుకను, ఇటుకలను తడపాలి. వెదురు తడక మీద తడి గోనెసంచి కప్పి మూత పెట్టాలి. సుమారు క్వింటాలు సరుకు పడుతుంది.

ఆదిలాబాద్ వడగాలికి ఇది బాగా పనిచేస్తుంది. బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు తడి 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. లోపల అంతకు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉన్నా టమాట బయటికంటే దాదాపు రెట్టింపు రోజులు నిలుస్తుంది. వానాకాలంలో మాత్రం గాలే తడిగా ఉండడం వల్ల మూడు నాలుగు డిగ్రీల కంటే తగ్గదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఇందులో పెట్టొద్దు, తేమకు మొలకెత్తి కుళ్లుతాయి. తొలకరి పడగానే గంపలు తీసి, లోపల కడిగి ఆరబెట్టి, ఇసుకను ఎండకు పోసి వచ్చే ఎండాకాలానికి దాచుకోవాలి.