అల్లుడూ, కాశీకి చుట్టు తిరిగే పో

అక్కయ్యను కారులో కాశీకి తీసుకెళ్తానన్నావు, సంతోషం. ఫోను చూపించిన దారి కూడా చూశాను: రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, చింతూరు, సుక్మా మీదుగా. ఆ దారిన నేను ఒకసారి వెళ్లాను కాబట్టే ఇదంతా రాస్తున్నా.

1. కిలోమీటర్లు కాదు, డివైడర్ చూడు. చింతూరు దారిలో దూరం బాగానే కలిసొస్తుంది. కానీ అది డివైడర్ లేని రెండు వరుసల రోడ్డు, అంటే తారు వెడల్పు 7 మీటర్లు. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే అందులో 5 మీటర్లు వాటికే పోతుంది. సుక్మా దాటాక ఒక వెదురు లారీ వెనక గంటసేపు ఈడ్చాను. చివరికి విసుగొచ్చి పక్కకు తీశాను. ఎదురుగా బస్సు! ఎలా సర్దుకున్నామో నాకిప్పటికీ తెలీదు. మీ అత్తయ్య జగదల్‌పూర్ దాకా నోరు విప్పలేదు.

2. నంబరు ఒకటైనంత మాత్రాన రోడ్డు ఒకటి కాదు. 30వ నంబరు జాతీయ రహదారి మన ఇబ్రహీంపట్నం నుంచి జగదల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ మీదుగా ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దాకా పోతుంది. జబల్‌పూర్ నుంచి రీవా దాకా హాయిగా నాలుగు వరుసలు. అదే నంబరు మీద బస్తర్‌లో కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేటప్పుడు నాకు మలుపు మలుపుకీ లారీయే. టోల్‌గేట్ ఉంది కదా అనీ నమ్మకు. రెండు వరుసల రోడ్డుకీ టోల్ తీసుకుంటారు, నాలుగు వరుసల రేటులో 60 శాతం. మ్యాపులో శాటిలైట్ బొమ్మ పెట్టి, పెద్దది చేసి, ముక్క ముక్కా చూసుకో. ఒక సాయంత్రం పడుతుంది, పట్టనీ.

3. నేను పోయే దారి ఇది. ఏలూరు, విజయవాడ, అక్కణ్ణుంచి 65వ నంబరు రహదారి. హైదరాబాదు ఊళ్లోకి దిగకు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి మేడ్చల్ వైపు దిగితే 44 దొరుకుతుంది. నిర్మల్, ఆదిలాబాద్, పెన్‌గంగ వంతెన, నాగపూర్. నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీదికి ఎత్తారు, కింద జంతువులు దాటడానికి. అక్కడ ఆగి ఫొటోలు దిగే వేషాలు వద్దు. లఖ్‌నాదౌన్‌లో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండు. 44 సాగర్ వైపు తిరిగిపోతుంది, జబల్‌పూర్‌కు 34 పట్టుకోవాలి. పాత రోజుల్లో ఇదంతా 7వ నంబరు, కాశీ నుంచి కన్యాకుమారికి ఒకే రోడ్డు. 2010లో నంబర్లు మార్చి మాలాంటి వాళ్లను తికమక పెట్టారు. రీవా దాటాక మంగవాన్‌లో దారి చీలుతుంది, ఒకటి మీర్జాపూర్‌కు, ఒకటి ప్రయాగకు. ప్రయాగకే పో. అక్కయ్యకు సంగమ స్నానం ఎలాగూ కావాలి. ప్రయాగ దాటాక హండియా నుంచి కాశీ దాకా ఆరు వరుసలు.

4. మాఘమాసంలో వద్దు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళాకు పోయిన కార్లు ఇదే జబల్‌పూర్, కట్నీ, రీవా దారిలో గంటల తరబడి కదల్లేదు. అప్పుడు నాలుగు వరుసలూ దేనికీ కొరగాలేదు.

5. డివైడర్ ఉంది కదా అని ఎదురుగా ఎవరూ రారనుకోకు. రాంగ్ రూట్లో మోటారు సైకిళ్లు వస్తాయి. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టర్లు.

6. ఎంత చూసుకున్నా ఫ్లైఓవర్ పనులు జరిగేచోట రెండు వైపుల బళ్లనూ ఒకే పక్కకు తోస్తారు. నాలుగు వరుసల రోడ్డు అక్కడ రెండు వరుసలైపోతుంది. రేపటి దారిలో అలాంటివి ఎక్కడున్నాయో ముందురోజు సాయంత్రం పెట్రోలు బంకులో లారీ డ్రైవర్లను అడుగు. ఫోను కంటే వాళ్లే నయం. అవి పగటిపూట దాటేలా బయల్దేరు.

7. తిన్నని రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాక అరగంట ఎక్కడైనా నడుం వాల్చు. మొదటి రాత్రి మేడ్చల్ దాటి, రెండోది సివనీలో, మూడోది రీవాలో. అక్కయ్య మోకాళ్లకు రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయాలి. ముందు సీటు ఆవిడకే ఇవ్వు. పచ్చడి జాడీ మాత్రం కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వకు.