పేరు మిగిలింది, చిరునామాలు పోయాయి

ఈ సంచిక చివర వేసిన పూర్వ విద్యార్థుల చిరునామాల పట్టికను మేం ముగ్గురం రెండుసార్లు టైపు చేశాం. మొదటిసారి నాలుగు సాయంత్రాలు కూర్చుని పూర్తిచేసి, లినక్స్ ఉన్న హాస్టల్ కంప్యూటరు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కట్ చేసి పేస్ట్ చేశాం. తెరపై పని అయిపోయినట్టు కనిపించగానే, ప్రెస్సు మూసేస్తారన్న తొందరలో పెన్‌డ్రైవ్ లాగేసి పరుగెత్తాం. అక్కడ తెరిస్తే ఫైలు పేరు ఉంది, సైజు సున్నా. తిరిగొచ్చి చూస్తే కంప్యూటరులోనూ లేదు. అన్నలు పంపిన ఉత్తరాల్లో కొన్నింటిని, టైపు అయిపోయింది కదా అని అప్పటికే చింపేశాం.

తప్పు నీదంటే నీదని కాసేపు వాదులాడుకున్నాం. తర్వాత అసలేం జరిగిందో చదివి తెలుసుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

డిస్కు అంటే లెక్కలేనన్ని చిన్న చిన్న గడులు. ఏ ఫైలు ఏ గడుల్లో ఉందో లెక్క ఉంచేది ఫైల్ సిస్టమ్. మనం సేవ్ అనగానే అక్షరాలు నేరుగా ఆ గడుల్లోకి వెళ్లవు. ముందు మెమరీలో ఆగుతాయి. డిస్కు మెమరీ కంటే చాలా నెమ్మది కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ రాతలను పోగుచేసి ఒక్కసారిగా పంపుతుంది. లినక్స్‌లో మామూలుగా ఒక మార్పు 30 సెకన్ల దాకా ఇలా ఆగి ఉండవచ్చు. ఈలోగా కరెంటు పోయినా, డ్రైవ్ లాగేసినా అంతే సంగతులు. బియ్యం బస్తాలు అందాయని సంతకం పెట్టడం వేరు, వాటిని స్టోరు గదిలో సర్దడం వేరు కదా! కంప్యూటరు 'అయిపోయింది' అంటే సంతకం పెట్టిందని మాత్రమే.

రాస్తుండగా మధ్యలో ఆగితే ఇంకో చిక్కు ఉంది. ఒక ఫైలు చేర్చాలంటే పేర్ల జాబితా, ఖాళీ గడుల లెక్క, లోపలి సమాచారం, ఈ మూడూ మారాలి. రెండు మారి మూడోది మారకపోతే లెక్క తప్పుతుంది. దీనికి విరుగుడు మనలో కామర్స్ చదివేవాళ్లకు బాగా తెలుసు. అది చిట్టా. ఆవర్జాలోకి ఎక్కించేముందు చిట్టాలో రాసుకున్నట్టే, ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పును ముందుగా ఒక పక్కన రాసుకుంటుంది. కరెంటు వచ్చాక చిట్టాలో పూర్తిగా రాసినవాటిని అమలు చేస్తుంది, సగంలో ఆగినవాటిని వదిలేస్తుంది. ఇంగ్లీషులో దీని పేరు కూడా జర్నలే. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో, 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3లో ఇది ఉంది. 1977లో మొదలైన ఫ్యాట్ పద్ధతిలో లేదు. మనం వాడే పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఎక్కువగా ఫ్యాట్ కుటుంబానివే.

చిట్టా ఉంటే ఇక భయం లేదనుకున్నాం. అదీ పొరపాటే. చిట్టా ముఖ్యంగా కాపాడేది లెక్కను, మన అక్షరాలను కాదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ 2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో అందరి వాడకానికి వచ్చింది. అది వేగం కోసం గడుల కేటాయింపును కూడా వాయిదా వేస్తుంది. 2009లో కొందరు ఉబుంటు వాడకందారుల కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మళ్లీ తెరిచి చూస్తే అప్పుడే రాసిన ఫైళ్లు సున్నా సైజులో ఉన్నాయి. పేరు చిట్టాకెక్కింది, సమాచారం మెమరీలోనే పోయింది. మా గతే! దాని రూపకర్తల్లో ముఖ్యుడైన థియోడర్ త్సో, డిస్కుపై రాసి తీరాలనుకునే ప్రోగ్రాము 'ఎఫ్‌సింక్' అనే ఆదేశం ఇవ్వాలని, నియమం అదేనని వివరించారు. ఈఎక్స్‌టీ3లో ఇలా పోయేవి కావు కదా అని వాడకందారులు అడిగారు. నియమం ఆయన పక్షాన ఉన్నా, మాకు వాడకందారుల మాటే న్యాయంగా తోచింది. పాత ఫైలును కొత్తదానితో మార్చేటప్పుడు సమాచారం వెంటనే డిస్కుకు చేరేలా ఆయన కూడా ఆ ఏడాదే సవరణలు చేశారు.

ఎఫ్‌సింక్ కథ అంతటితో తీరలేదు. ఒకసారి అది విఫలమయ్యాక మళ్లీ అడిగితే, రాయకుండానే 'సరే' అనే జవాబు రావచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు బృందం గుర్తించింది. దాంతో 2019లో తమ ప్రోగ్రామును మార్చుకున్నారు. ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేసు అక్కడికక్కడే ఆగిపోయి, తన సొంత చిట్టా చూసుకుని తిరిగి మొదలవుతుంది.

మేం ఇప్పుడు కట్ చేయడం మానేశాం. కాపీ చేసి, 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగుతున్నాం. వేరే కంప్యూటరులో తెరిచి చూశాకే పాతది చెరిపేస్తున్నాం. పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్ స్కాన్లు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే పెట్టుకుని తిరిగే తమ్ముళ్లు మన గదుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు ఈ రోజే ఇంకోచోట కాపీ పెట్టుకోవాలి.

రెండోసారి టైపు చేయడానికి ఫోన్లు చేసి చాలా చిరునామాలు రాబట్టాం. 1988-89 పదో తరగతి బ్యాచ్‌లో ఐదుగురు అన్నలవి దొరకలేదు. పట్టికలో వారి పేర్ల పక్కన ఖాళీ వదిలాం. వారెవరైనా ఇది చదివితే, దయచేసి ఇంకో ఉత్తరం రాయండి. ఈసారి చింపం.