హెఫ్సీబా: వాక్యమే పేరైన వేళ



హెఫ్సీబా చూడటానికి ఒక్క మాటే గాని, హీబ్రూలో అది పూర్తి వాక్యం. ‘హేఫెత్స్’ అంటే ఇష్టం, ఆనందం. దానికి ‘ఈ’ చేరితే ‘హెఫ్‌త్సీ’, అంటే ‘నా ఆనందం’. ‘బాహ్’ అంటే ‘ఆమెలో’. రెండూ కలిస్తే ‘నా ఆనందం ఆమెలోనే’. ఇందులో క్రియ లేదు. ‘ఆయన మా మాస్టారు’ అనడానికి తెలుగుకు క్రియ అక్కర్లేనట్టే, ఈ వాక్యానికీ అక్కర్లేదు. చివరి హకారాన్ని పలకాలని చెప్పడానికి హీబ్రూ రాతలో ఆ అక్షరం మధ్య ఒక చుక్క పెడతారు. దాని పేరు మప్పీక్. ‘ఆమె’ అనే అర్థం ఉన్నది ఆ హకారంలోనే. తెలుగు నోట జారిపోయిందీ అదే.

బైబిల్లో ఈ పేరుగల స్త్రీ ఒక్కతే. ఆమె యూదా రాజు హిజ్కియా భార్య, మనష్షే తల్లి. కొడుకు 12వ ఏట రాజై 55 ఏళ్లు ఏలాడు. తల్లి గురించి మాత్రం రాజుల రెండవ గ్రంథం 21వ అధ్యాయంలో పేరు తప్ప మరేమీ లేదు. ఆమె యెషయా ప్రవక్త కుమార్తె అని యూదు సంప్రదాయం చెబుతుంది గాని, దానికి బైబిల్లో ఆధారం లేదు.

పేరుకు అసలైన వెలుగు యెషయా గ్రంథం 62వ అధ్యాయం, 4వ వచనంలో దొరుకుతుంది. ఈ భాగం యూదులు బబులోనులో బందీలుగా గడిపిన చెర ముగిసిన తరువాతి కాలానిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. శిథిలమైన యెరూషలేమును స్త్రీగా భావించి ప్రవక్త కొత్త పేరు పెడతాడు. నగరం పాత పేరు ‘అజూబా’, అంటే విడిచిపెట్టబడినది. కొత్త పేరు హెఫ్సీబా. అజూబా కూడా ఒక రాజమాత పేరే. యూదా రాజు యెహోషాపాతు తల్లి ఆమె. ఈ సంగతి తెలియకుండా చదివితే వచనంలో సగం అందం పోతుంది: నగరం ఒక రాణి పేరు విడిచి మరో రాణి పేరు తొడుక్కుంటోంది. నేలకు పెట్టిన పేరు ‘బ్యూలా’, వివాహిత అని అర్థం.

ఇది పేరా, వాక్యమా అన్న చిక్కు అనువాదకులకు తప్పలేదు. ప్రాచీన గ్రీకు అనువాదం ఈ వచనంలో అర్థాన్నే ‘నా ఇష్టం’ అని రాసి ‘ఆమెలో’ను వదిలేసింది. లాటిన్ అనువాదమైన వల్గేట్ ‘ఆమెలో’నూ నిలబెట్టుకుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు పేరును పేరుగానే ఉంచింది. తెలుగు బైబిలూ అంతే. అందుకే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో హెప్సిబాలూ బ్యూలాలూ కనిపిస్తారు.

ఆ కుటుంబాల బయట హెఫ్సీబా అనే పేరు అరుదు. దాన్ని లోకానికి వినిపించినవారిలో పియానో విద్వాంసురాలు హెఫ్సీబా మెనూహిన్ (1920–1981) ముఖ్యురాలు. వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ చెల్లెలు. నేటి ఇజ్రాయెల్‌లో 1922లో ఏర్పడిన ఒక కిబ్బుత్జ్ (సామూహిక వ్యవసాయ గ్రామం) పేరూ ఇదే. నేటి హీబ్రూలో ‘హేఫెత్స్’ అంటే మామూలుగా ‘వస్తువు’. మనసు కోరుకున్నదాన్ని చెప్పిన మాట, కాలం గడిచేకొద్దీ చేతికందే ఏ వస్తువుకైనా పేరైంది. పాత అర్థం చెక్కుచెదరకుండా మిగిలిన చోట్లలో ఈ పేరొకటి.