మోకాలిమీదుగా పోవు బరువురేఖ



మన పల్నాటి మిరపచేలనుండి సాయంకాలమున నిల్లు చేరు పెద్దలలో కొందఱి మోకాళ్లు వెలుపలికి వంగి, కాళ్లు విల్లువలె గనబడును. వయస్సు ముదిరినందున వచ్చిన నొప్పియని మనము ఊరకుందుము. కాని యా వంపునకును ఆ నొప్పికిని గల సంబంధమును మీరు నేర్చిన సరళరేఖయే తెలుపగలదు.

పలకమీద నొక కాలిని గీయుడు. తుంటికీలు నడుమ నొక చుక్కను, చీలమండ నడుమ నొక చుక్కను పెట్టి, బద్దతో కలుపుడు. అదియే బరువురేఖ. చక్కని కాలిలో నది మోకాలి నడిమికి సమీపముగా, ఒకింత లోపలి ప్రక్కగా పోవును. విల్లువంటి కాలిలో మిక్కిలి లోపలికి జరుగును. బండిలో బరువంతయు నొక ప్రక్కకే వేసినచో ఆ ప్రక్క చక్రము ముందుగా చెడునట్లు, మోకాలి లోపలి సగమునందలి మృదులాస్థి ముందుగా నరుగును. అరిగినకొలది వంపును, వంపు హెచ్చినకొలది అరుగుదలయు హెచ్చును.

కృష్ణకు ఆవలి యొడ్డున నల్లగొండ జిల్లాలో దీనికి విపరీతమైన వంపు కానవచ్చెను. ఫ్లోరైడు మిక్కుటమైన నీరు త్రాగిన గ్రామములలో కొందఱి మోకాళ్లు లోపలికి వంగి యొండొంటిని రాచుకొనుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి అనువారు 1973లో ప్రకటించిరి. అట్టి కాలిలో రేఖ వెలుపలి ప్రక్కకు జరుగును.

విల్లువంటి కాలిని దిద్దుటకు వైద్యుడు మోకాలి క్రింది పెద్ద ఎముకను లోపలి ప్రక్కనుండి కోసి, వెలుపలి అంచును తలుపు బందువలె నిలిపి, కోతను కొలతమేరకు తెఱచి, లోహపు పలకతోను మరలతోను బిగించును. ఎముక అతుకుటకు నెలలు పట్టును.

పిమ్మట కాలు లోపలికి వంగినట్లు తోచి, ఇంటివారు పొరపాటు జరిగెనని భయపడుట కలదు. అది తఱచుగా బుద్ధిపూర్వకముగా చేసినదే. మోకాలి వెడల్పును లోపలి అంచునుండి 100 పాళ్లు చేసినచో, రేఖ 62వ పాలు చెంత పోవుట మేలను సూత్రము 1979లో జపాను వైద్యుడు ఫుజిసావా పరిశోధనవలన వ్యాప్తి చెందెను. అనగా బరువు అరిగిన సగమును విడిచి, మంచి సగముమీదికి కొంత మరలును. నేటి వైద్యులు రోగి స్థితినిబట్టి యీ గమ్యమును మార్చుచుందురు. దిద్దుబాటు చాలనిచో నొప్పి మరల వచ్చును. మితిమీఱినచో మంచి సగమును చెడును. కావున కంటిచూపుతో తీర్పు చెప్పరాదు. రోగి నిలువబడియుండగా తుంటినుండి చీలమండవఱకు తీసిన ఎక్స్‌రేయే సాక్ష్యము. సందేహము కలిగినచో దానిని చూపి వైద్యునే యడుగవలెను.

ఒక ముఖ్యవిషయము మఱువకుడు. ఈ చికిత్స మోకాలి రెండవ సగము బాగుగ నున్నవారికే తగును. రెండు సగములును అరిగినవారికి ఫలింపదు. కనుక మీ తల్లియో తండ్రియో కుంటుచు నడచుట చూచినచో, వయోధర్మమని యూరకుండక వేళ మించకమున్నే వైద్యుని కడకు తోడుకొనిపొండు. అందాక వారి తలమీది గంపను మీరందుకొనుడు.