కావలివానికిని అదే కట్టడ

మాసపు పాఠము
చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 17:18-20, మత్తయి 12:1-8, మత్తయి 17:24-27, రోమా 13:1-7



గత మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘపు యౌవనస్థులు నలుగురు మందిరపు అరుగుమీద నన్ను నిలిపిరి. వారిలో ఒకడు కొబ్బరి దింపు పని చేసికొని బ్రదుకువాడు. అతడు జేబులోనుండి ఫోను తీసి, హెల్మెట్ లేనందుకు తనకు వచ్చిన వేయి రూపాయల చలానా చూపెను.

"అయ్యగారండీ, ఇది నా ఒంటి కష్టమండి. నన్ను ఆపినాయనే ఆ సాయంత్రం నెత్తిమీద ఏమీ లేకుండా బండిమీద సంతకెళ్లాడండి. నేను కళ్లారా చూశాను. చట్టం మాకేనాండి? ఆయన కట్టనిది నేనెందుకు కట్టాలండి?"

పోలీసు ఉద్యోగము చేయుచున్న మన సంఘ సహోదరుడొకడు ఆ ప్రక్కనే చెప్పులు తొడుగుకొనుచుండెను. అతని ముఖము చిన్నబోయెను. "అందరూ అలాగుండరు తమ్ముడూ. అర్ధరాత్రి హైవేమీద ప్రమాదమని కబురొస్తే, నేను ఎర్ర లైటు దగ్గర ఆగి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అక్కడ పడున్న మనిషి బతుకుతాడా?" అనెను.

ఇద్దరి మాటలోను నిజమున్నది. నేను ఆ దినమున జవాబు చెప్పలేకపోతిని. వారమంతయు వాక్యమును ముందు పెట్టుకొని, చట్టము తెలిసిన వారిని అడిగి, నేర్చుకొనినది ఇక్కడ వ్రాయుచున్నాను.

1. చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశములో వాహనములు నడుపు వారందరికి 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమే ఆధారము. మోటారు సైకిలు ఎక్కినవాడు హెల్మెట్ ధరింపవలెనని అందులోని 129వ సెక్షను చెప్పుచున్నది. తలపాగా ధరించిన సిక్కులకు ఆ సెక్షనులోనే మినహాయింపు వ్రాయబడియున్నది. పోలీసులకు అట్టి మినహాయింపు అందులో వ్రాయబడలేదు. కాబట్టి ఖాకీ చొక్కా తలకు రక్షణ కాదు, చట్టమునకు అడ్డు కాదు.

అంతకంటె గొప్ప సంగతి యొకటి కలదు. 2019లో ఈ చట్టమును సవరించినప్పుడు 210-బి అను సెక్షను చేర్చిరి. ఆ సవరణలో అనేక భాగములు ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. చట్టమును అమలుచేయు అధికారము గలవాడే ఆ చట్టమును మీరినయెడల, ఆ తప్పునకు ఇతరులకు విధించు శిక్షకు రెండంతలు అతనికి విధింపవలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. కూలివానికి వేయి అయితే కావలివానికి రెండు వేలు! ఇది మన యౌవనస్థులకు తెలియదు. కొందరు పోలీసు సహోదరులకును తెలియదేమో.

ఎవనికి ఎక్కువ అప్పగింపబడెనో వానియొద్ద ఎక్కువ అడుగుదురని మన ప్రభువు బోధించెను (లూకా 12:48). బోధకులకు మరి కఠినమైన తీర్పు కలదని యాకోబు హెచ్చరించెను (యాకోబు 3:1). పార్లమెంటు ఈ వచనములు చూచి చట్టము చేసెనని నేననను. అయినను న్యాయము ఎచ్చట వెదకినను ఈ త్రోవకే వచ్చునని గ్రహింపవలెను.

2. మినహాయింపు పనికా, మనిషికా?

అయితే మన పోలీసు సహోదరుని మాట సంగతేమి? దానికిని చట్టములో చోటు కలదు. 2017వ సంవత్సరపు డ్రైవింగు నిబంధనలలో అగ్నిమాపక వాహనము, అంబులెన్సు, పోలీసు వాహనము మొదలగువాటికి అత్యవసర సమయమున ముందుగా పోవు హక్కు ఇయ్యబడినది. అట్టి సమయమున సైరను మ్రోగించి, దీపములు వెలిగించి, ఇతరులకు హాని కలుగకుండ జాగ్రత్తతో ఎర్ర లైటును దాటవచ్చును, వేగపు హద్దును మించవచ్చును.

ఇక్కడ మత్తయి 12వ అధ్యాయము మనకు దీపమైయున్నది. విశ్రాంతి దినమున యాజకులు దేవాలయములో పని చేయుచున్నను నిర్దోషులని ప్రభువు చెప్పెను. ఏలయనగా విశ్రాంతి దినమున నిత్యబలి గాక మరి రెండు గొఱ్ఱెపిల్లలను అర్పింపవలెనని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించెను (సంఖ్యా 28:9,10). జనులు పని మానిన దినమున యాజకునికి పని పెరిగెను. గాని ఆ యాజకుడే బలిపీఠము విడిచి, ఇంటికి పోయి, తన పొలము దున్నుకొనినయెడల నిర్దోషియగునా? కానేకాడు. మినహాయింపు అతని పనికి ఇయ్యబడెను గాని అతనికి ఇయ్యబడలేదు.

ఇదే కొలత పోలీసు జీపునకును పెట్టుడి. ప్రమాద స్థలమునకు సైరనుతో పరుగెత్తు జీపునకు మనము గట్టు దిగియైనను త్రోవ ఇయ్యవలెను. అదే జీపు కూరగాయలకు ఎదురు మార్గమున వచ్చినయెడల అది తప్పే. 2017 మే 1వ తేదీనుండి రాష్ట్రపతి, ప్రధానమంత్రులు మొదలుకొని పెద్దల కార్లపైనున్న ఎర్ర బుగ్గలను తీసివేసిన సంగతి మీకు జ్ఞాపకముండును. అత్యవసర వాహనములకు మాత్రము దీపములు నిలిచెను. పనికి దీపము నిలిచెను, పదవికి దీపము ఆరిపోయెను.

2021 అక్టోబరు 2న హైదరాబాదులో బాపూఘాట్ వద్ద అప్పటి మంత్రి కె. తారక రామారావుగారి కారు ఎదురు మార్గమున రాగా ట్రాఫిక్ ఎస్.ఐ. దానిని ఆపి చలానా వ్రాసెను. మంత్రి ఆ ఎస్.ఐ.ని పిలిపించి సన్మానించి, జరిమానా చెల్లించెను. అధికారి తన పని చేసినప్పుడు పెద్దవానికి అవమానము లేదు. కట్టిన తరువాత గౌరవము పెరిగెను.

3. అతడు తప్పినయెడల నేను తప్పవచ్చునా?

ఇప్పుడు మన కొబ్బరి దింపు సహోదరుని ప్రశ్నకు వత్తము. మోషే పీఠముమీద కూర్చున్నవారు చెప్పినది చేయుడి, వారి క్రియలవలె చేయకుడి అను భావముతో ప్రభువు బోధించెను (మత్తయి 23:2,3). ఆయన వారి తప్పును దాచలేదు. అదే అధ్యాయములో వారిని బహిరంగముగా గద్దించెను. అయినను వారి తప్పును మన తప్పునకు సాకుగా ఇయ్యలేదు.

కపెర్నహూములో పన్ను సంగతి చూడుడి. కుమారుడు స్వతంత్రుడే. కట్టనక్కరలేదు. అయినను ఇతరులకు అభ్యంతరము కలుగకుండునట్లు తనకొరకును పేతురుకొరకును ఆయన చెల్లించెను. కట్టనక్కరలేనివాడే కట్టగా, కట్టవలసిన మనము తప్పించుకొనుట ఎట్లు?

మరియు రోడ్డు ఎవని చొక్కాను చూడదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో 50,029 మంది హెల్మెట్ లేక మోటారు సైకిళ్లమీద పోయినవారు. ఆ లెక్కలో కూలివారి తల్లులు ఏడ్చిరి, పోలీసుల తల్లులును ఏడ్చిరి.

అయితే కట్టి ఊరకుండవలెనా? అట్లని నేను చెప్పను. ఆ యౌవనస్థుని కోపము ఇంకను చల్లారలేదు, చల్లారవలెనని నేను కోరుటయు లేదు. అన్యాయము చూచి మండని హృదయము మంచిది కాదు. గాని ఆ కోపము చలానా చింపుటకు గాక అర్జీ వ్రాయుటకు పోవలెను. ఏ దినము, ఏ చోటు, ఏ నెంబరు బండి అని వ్రాసి, ఫొటో యున్న జతచేసి, జిల్లా ఎస్.పి. కార్యాలయములో ఇయ్యవచ్చును. కూలివాడు ఒంటరిగా పోయి పోలీసుమీద అర్జీ ఇచ్చుట సులభము కాదని నేనెరుగుదును. అందుకే సంఘ పెద్దలు వానితోకూడ పోవలెను. నోరులేనివారి పక్షముగా నోరు తెరువుమని సామెతలు 31:8,9 మనకు నేర్పుచున్నది గదా.

4. నా తప్పు ఒప్పుకొనుచున్నాను

ఈ పాఠము వ్రాయుచుండగా వాక్యము నా వైపునకు తిరిగెను. నా మోటారు సైకిలు ముందు భాగమున "పాస్టర్" అని పెద్ద అక్షరములు వ్రాయించుకొంటిని. ఒక దినము కుటుంబ ప్రార్థనకు హెల్మెట్ లేకుండ పోవుచుండగా ఒక కూడలిలో ఆపిరి. ఆ అక్షరములు చూచి "వెళ్లండయ్యగారూ" అని విడిచిపెట్టి, నా వెనుక వచ్చిన కూలివానిని నిలిపిరి. నేను ప్రభువునకు స్తోత్రము చెప్పుకొని సాగిపోతిని.

దేనికి స్తోత్రము? నా సహోదరుడు చిక్కుకొని నేను తప్పించుకొనినందుకా? ఇశ్రాయేలు రాజు సింహాసనమెక్కిన పిమ్మట ధర్మశాస్త్రమును తనకొరకు ప్రతి వ్రాసికొని, దినదినము చదువవలెనని దేవుడు ఎందుకు ఆజ్ఞాపించెను? అతని హృదయము తన సహోదరులకంటె హెచ్చింపబడకుండుటకే. రాజుకు, పోలీసునకు, కాపరికి ఈ రోగము ఒక్కటే.

ఆ అక్షరములను నేను గీకివేసితిని. ఇప్పుడు హెల్మెట్ ధరించి పోవుచున్నాను. మన పోలీసు సహోదరుడును మరునాటి ఆదివారము హెల్మెట్ చేతబట్టుకొని మందిరమునకు వచ్చెను. ఎవరును ఏమియు అనలేదు. కొబ్బరి దింపు సహోదరుడు చూచి, ప్రక్కకు జరిగి, అతనికి కూర్చుండుటకు చోటిచ్చెను.

కూడికలలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యాజకుని పనికిని, యాజకునికిని గల భేదమేమి? నీ ఉద్యోగములో అట్టి భేదము ఎక్కడ కలదు?
2. నీ బండిమీద, నీ ఇంటిపేరుమీద, నీ పదవిమీద ఏ అక్షరములు చూపి నీవు తప్పించుకొనుచున్నావు?
3. అన్యాయము పొందిన సహోదరునితోకూడ కార్యాలయమునకు పోవుటకు మన సంఘములో ఎవరు సిద్ధముగా నున్నారు?

ప్రార్థనాంశము: రాత్రివేళ రోడ్లమీద కావలి కాయు పోలీసు సహోదరుల క్షేమము కొరకును, వారు తాము కాయు కట్టడకు లోబడు కృప కొరకును, దినకూలికి తెల్లవారుజామున బండ్లమీద పోవు మన యౌవనస్థులు సాయంకాలమున క్షేమముగా ఇల్లు చేరుటకును ప్రార్థించుడి. ఆమేన్.