పురుగు తిన్న ఆకు

హిందూపురము

చిరంజీవి మనుమనికి,

నీ ఉత్తరము మొన్న చేరినది. టెక్సాసులో నీ గదిలోని గాజుపెట్టెయందు పెంచుచున్న చిలీ దేశపు రోజా టరాంటులాకు, అంగడిలో కీచురాళ్లు దొరకని ఈ వారమున, ఇంటి ముందరి పచ్చికలో పట్టిన మిడతలను వేయవచ్చునా, వసారాలో వెల్లకిల పడి కాళ్లాడించుచున్న బొద్దింకను వేసిన నేమగును అని అడిగితివి. మన గుత్తిలో దొరికి 1899లో లోకమునకు తెలిసిన నీలి టరాంటులా ఉండగా చిలీదానిని ఏల తెచ్చుకొంటివని నేనడుగను. మనది అంతరించుటకు సిద్ధముగా నున్న ప్రాణి, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో దానిని దానిమానాన ఉండనిచ్చుటయే మేలు. సాలీళ్లను గూర్చి నాకు తెలిసినది కొంచెమే. కాని పురుగు కడుపులోనికి ఏమి పోయినదో విచారించి మేలుకీడులు నిర్ణయించు పనిలో, పట్టుపరిశ్రమ శాఖయందు ముప్పది యేండ్లు గడపినవాడను గనుక, ఆ మేరకు చెప్పగలను.

బొద్దింక మాట మొదట తేల్చెదను: వేయవద్దు. వెల్లకిల పడి కాళ్లాడించు బొద్దింక మందు తిన్నదని అనుకొనుటయే క్షేమము. ఫిప్రోనిల్ కలిపిన ఎరను తిని చచ్చినదాని శవమును, మలమును తిన్న తక్కిన బొద్దింకలును చచ్చును. అట్లు ఒకదానినుండి మరియొకదానికి ప్రాకుటయే ఆ ఎర గొప్పతనము. ఆ వరుసలో నీ సాలీడును నిలుపనేల?

మిడతల మాట ఇంత తేలికగా తెగదు. నేను ఉద్యోగములో చేరిన తొలినాళ్లలో, ఇక్కడికి దగ్గరి పల్లెలో, నాలుగవ కుబుసము విడిచి నేడో రేపో గూడు కట్టనున్న పట్టుపురుగుల తట్టల యెదుట ఒక రైతు తలపై చేతులుంచుకొని కూర్చుండుట చూచితిని. ఆకు నిగనిగలాడుచు కడిగినట్లున్నది. మరక లేదు, వాసన లేదు. పురుగులు మాత్రము తలలు ఇటునటు విసరుచు, పచ్చని పసరు కక్కుచు, వ్రేలెడు పొడవున్నవి అరవ్రేలెడై ముడుచుకొనిపోవుచుండెను. విచారింపగా, ప్రక్క చేని వేరుసెనగకు ముందునాడు కొట్టిన మందు గాలివాటున మల్బరీమీద పడినదని తెలిసినది. ఆ ఉదయమే ఆ ఆకును చేతబట్టి చూచి, బాగున్నది వేయుమని చెప్పినవాడను నేనే. నాటినుండి ఆకు అందమును నమ్ముట మానితిని. ఎక్కడి ఆకు, చుట్టుప్రక్కల ఎవరు ఏ మందు కొట్టిరి, ఎన్నాళ్లయినది అని అడుగుట నేర్చితిని.

నీ పచ్చికను గూర్చియు అడుగవలసినది అదియే. మందు చల్లినది నీవు కాకపోవచ్చును. ఇంటి యజమాని పంపిన మనిషియో, ప్రక్కింటివారో కావచ్చును. చావునకు చాలనంత మందు ఒంటబట్టిన మిడత చక్కగానే గంతులిడును. సాలీడు మనవలె నమలి మ్రింగునది కాదు; కోరలతో పట్టి, జీర్ణరసమును ఎరపై కార్చి, మెత్తబడి ద్రవమైనదానినెల్ల పీల్చుకొనును గనుక, మిడత కడుపులోని ఆకుపసరు సైతము దాని పాలగును. పట్టిన మిడతను రెండుమూడు దినములు డబ్బాలో నుంచి, చావలేదు గనుక మంచిదే యనువారు కలరు. అది సగము పరీక్షయే. వణకుచున్నదానిని, ఒరగి నడచుదానిని అది పట్టియిచ్చును గాని, బ్రతికియున్నదానికి యోగ్యతాపత్రము నీయజాలదు.

కొన్ని పురుగులకు ఎవరును మందు కొట్టనక్కరలేదు. ఊరిబయట జిల్లేడు పొదలపై రంగులతో పెండ్లికొడుకువలె తిరుగు మిడతపిల్లను చిన్నప్పుడు నీవు పట్టబోగా అది నీ వ్రేళ్లపై రసము చిమ్మినది, జ్ఞాపకమున్నదా? జిల్లేటిపాలలో గుండెను పట్టు విషమును అది తన ఒంట దాచుకొనును. మిణుగురులును నమ్మదగినవి కావు. వానిని మ్రింగి పెంపుడు తొండలు చచ్చిన సంగతులు నీవున్న దేశముననే నమోదైనవి. దాగవలెనను తొందర లేక, రంగులు చూపుచు తిరుగు పురుగు జోలికి పోకుము.

అంగడి పురుగులనైనను గ్రుడ్డిగా నమ్మరాదు. డబ్బా మూత తీయగానే కుళ్లువాసన వచ్చిన, అడుగున శవములు పేరుకొన్న, కాళ్ల కీళ్లలో ధూళివంటి నల్లులు కదలాడిన, అంగడివానికే త్రిప్పియిమ్ము. మేలైనవి దొరికినప్పుడు కొన్ని ఎక్కువ తెచ్చి, చెక్కు తీసిన క్యారెట్టుతో నీవే కొన్నాళ్లు మేపుకొనుము. సాలీడు పొట్టకంటె పెద్దదానిని వేయకుము. అది తిని విడిచిన పిప్పిని మరునాడే తీసివేయుము. లేకున్న ఈగలును, నల్లులును చేరును. టరాంటులాల నోటిలో చేరి, వాటిని ఆకలితో మాడ్చి చంపు నులిపురుగు నొకదానిని కాలిఫోర్నియాలోని రివర్‌సైడు విశ్వవిద్యాలయమువారు 2022లో వర్ణించి, సాలీళ్ల సినిమాలో నటించిన జెఫ్ డేనియల్స్ పేర దానికి నామకరణము చేసిరి. శాస్త్రజ్ఞులకును సరసము కలదు! నీ సాలీడు నోటివద్ద తెల్లని జిగురు కనిపించిన మాత్రము నవ్వులాట కాదు. వెంటనే దానిని వేరుచేసి, తెలిసిన పశువైద్యునికి చూపుము.

మా రైతులు పట్టుపురుగు కుబుసము విడుచు దశను జ్వరమందురు. జ్వరమున నున్నదానికి ఆకు వేయరు. నీ సాలీడునకును ఆ జ్వరము వచ్చును. ముందు మేత మానును, పొట్ట నల్లబడును, పిమ్మట వెల్లకిల పడుకొనును. చచ్చినదని కంగారుపడి కదపకుము. ఆ వేళ పెట్టెలో మిగిలిన కీచురాయి, ఎంత శుభ్రమైనదైనను, ఆ మెత్తని ఒంటిని కొరికి చంపగలదు. కనుక వేసిన పురుగును తినకున్నచో మరునాటికి పైకి తీయవలెను. కుబుసము విడిచిన తరువాత తెల్లని కోరలు ఎర్రబడి, మరల నల్లబడువరకు ఏమియు వేయరాదు.

ఇక నీ తొందర మాట. మల్బరీ ఆకు ఒక పూట తప్పిన పట్టుపురుగు చిక్కిపోవును గాని, పెరిగిన రోజా టరాంటులా నెలల తరబడి ఉపవసించియు చెక్కుచెదరదు. కీచురాళ్లు వచ్చువరకు ఆగుము. నీళ్లగిన్నె నింపి, పట్టిన మిడతలను ఈ పూటనే పచ్చికలో విడిచిపెట్టుము.

ఇట్లు,
నీ తాత